బావ పళ్లెంలో మొదటి ముద్ద

మా బావ అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన పళ్లెంలోంచి మొదటి ముద్ద నేను తినాలి. ఆయన కళ్లముందు నిలబడి తినాలి. నేను నమిలి, మింగి, కాసేపు ఆగి, ఇంకా నిక్షేపంగానే ఉన్నానని అందరికీ నమ్మకం కుదిరాక ఆయన అన్నంలో చెయ్యి పెట్టేవాడు. ఈ ఏర్పాటు చేసింది మా తోడికోడలు అన్నపూర్ణక్క. నేను ఆయనకు మందు పెట్టానని ఆమె అనుమానం.

మా వైపు మందు పెట్టడమంటే అన్నంలోనో తాంబూలంలోనో ఏదో కలిపి మనిషిని లొంగదీసుకోవడం. పెట్టించుకున్నవాడికి తిండి సయించదు, నోరంతా చేదెక్కుతుంది, ఒళ్లు ఎండిపోతుంది, పెట్టినవాళ్లు ఏం చెప్పినా తల ఊపుతాడు. చివరిది తప్ప అన్నీ మా బావలో కనిపించాయి. నా మాటకు ఆయన తల ఊపడానికి అసలు నేను ఆయనతో మాట్లాడితే కదా. పెళ్లయి ఎమ్మిగనూరు నుంచి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆయన ఎదుట నా నోరు పెగల్లేదు. ఏదున్నా నేను అక్కతో చెప్పాలి, అక్క ఆయనతో చెప్పాలి. మా ఇళ్లలో తమ్ముడి భార్య పద్ధతి అది.

మా బావ లక్ష్మీనరసయ్య శెట్టి ఆదోని మార్కెట్ యార్డులో శనక్కాయల వ్యాపారి. నూనె మిల్లులకు కాయ కొని పెట్టేవాడు. కుప్పలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తాడు, లోపల గింజ గలగలమనాలి. ఒలిచి, గింజను పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సరిగ్గా ముందువైపు పెట్టి కొరుకుతాడు. టక్కుమని విరిగితే ఎండిన కాయ, మెత్తగా దిగితే పచ్చి. కళ్లు మూసుకుని నములుతాడు, కళ్లు తెరిచి ధర చెబుతాడు. రైతు గొణుక్కున్నా ఒప్పుకోవాల్సిందే. శెట్టి పన్ను అబద్ధం చెప్పదని యార్డులో అందరూ అనేవాళ్లు. వినీ వినీ ఆయనకు ఆ పళ్ల మీద పెళ్లాం మీద కంటే ఎక్కువ మమకారం కుదిరిందని నా అభిప్రాయం.

ఎనభై ఆరులో కొత్త కాయ యార్డుకు వస్తున్న రోజుల్లో ఆయనకు కాయలన్నీ చేదు కొట్టడం మొదలైంది. మొదట ఎవరో ఊరూ పేరూ లేని రైతు బస్తాలు తిప్పి పంపాడు, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత నందవరం యూసుఫ్ సాబ్ కాయ వద్దన్నాడు. అది మాత్రం యార్డంతా పాకిపోయింది. యూసుఫ్ సాబ్ తండ్రి పండించిన కాయను మా మామగారు కొనేవారు. రెండు ఇళ్ల మధ్య పండగలకు పళ్లేలు అటూ ఇటూ తిరిగేవి. ఆయన చేను ఎర్రనేల, ఆ కాయ తియ్యదనం ఎవరైనా చెబుతారు.

ఆ మధ్యాహ్నమే యూసుఫ్ సాబ్ తువ్వాల్లో కాయ మూటగట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏం శెట్టీ, నా కాయ బూజు పట్టిందని అందరి ముందర అంటివంట. ఇంత మాట మీ నాయన బతికుంటే అంటాండెనా?"

"చేదుగా ఉండాది యూసుఫూ. నాకు ఎట్లుంటే అట్ల సెప్పినా. నేనేం సేసేది."

"సరే. ఇంట్లో ఆడోళ్లకు పెట్టు. వాళ్లు తిని సెప్తారు."

వంటింటి గడప దగ్గర యూసుఫ్ సాబే నా చేతిలో కాసిన్ని పోశాడు. తిన్నాను. పాలుగారే గింజ. ఆ మాట బావ ఎదుట అనలేను కాబట్టి లోపలికొచ్చి అక్కతో అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసి, "మీ బావ నాలిక కంటే నీ నాలిక గొప్పదా?" అంది. గొప్పదనే అనుకున్నాను గానీ నోరు మూసుకున్నాను. యూసుఫ్ సాబ్ కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన మా ఇంట్లో కాఫీ కాదనడం నేను చూడ్డం అదే మొదటిసారి.

ఆ తర్వాత చేదు ఇంట్లోకి వచ్చింది. పొద్దున ఉగ్గాని చేస్తే బొరుగులు పాతవన్నాడు. పప్పు చేస్తే కందులు పుచ్చినవన్నాడు. మజ్జిగ కూడా కంపు కొడుతోందన్నాడు. పళ్లెం వాసన చూస్తాడు, చెయ్యి వాసన చూస్తాడు, పక్కకు నెట్టేస్తాడు. రొట్టె అయితే ఒక పక్క దవడతో తంటాలు పడి నమిలేవాడు. మనిషి సగమయ్యాడు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. ఎప్పుడూ భుజం మీదుండే తువ్వాలు మెల్లగా మూతి మీదికి చేరింది. మాట్లాడితే తువ్వాలు అడ్డం.

ఇంకొన్ని సంగతులు నా కంట పడుతూనే ఉన్నాయి. పెరట్లో పళ్లు తోముకుని ఊసిన చోట ఎర్రగా ఉండేది. తాంబూలం అనుకుందామంటే అప్పటికి ఆయన ఇంకా వక్క నమిలేవాడు కాదు. లవంగాల డబ్బా నేను నింపడం, అది ఖాళీ కావడం. వడ్డించడానికి వంగితే లవంగాల ఘాటు వెనక ఇంకో వాసన వచ్చేది, చచ్చిన ఎలుక గోడలో ఇరుక్కున్న వాసన. రహస్యంగా తాగుతున్నాడని నేను తీర్మానించుకున్నాను. తాగేవాళ్లే కదా లవంగాలు నమిలేది. మంచిదే, మహానుభావుడికీ ఒక లోపం దొరికిందని లోపల్లోపల సంతోషించాను కూడా.

అక్క అనుమానం ముందు బెంగుళూరు మీదికి పోయింది. దానికి కారణం ఉంది. అంతకు ముందటి ఏడాది నూనె లెక్కల్లో పేచీ వచ్చిందని బావ బెంగుళూరు వెళ్లి, వారాల తరబడి అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చాక కూడా మళ్లీ వెళ్లాలి, మళ్లీ వెళ్లాలి అని గునిశాడు. అక్క ఊరుకుంటుందా. "ఆడ ఎవుతి ఉండాదో సెప్పి పో" అని వాకిలికి అడ్డం కూర్చుంది. ఆయన గిలగిల్లాడి, చివరికి ప్రయాణం మానుకున్నాడు. మానుకున్న మనిషి ఇలా ఎండిపోతుంటే, బెంగుళూరామె మందు ఇంత దూరం పనిచేయదు గదా అని అక్క లెక్కలు వేసుకుంది. దగ్గరలో ఎవరున్నారు? వంట చేసేది నేను.

పైగా నా దగ్గర ఒక నల్లటి పొడి ఉంది.

అది గురెళ్ల పొడి, అంటే వెర్రినువ్వుల పొడి. ఎమ్మిగనూరు నుంచి మా అమ్మ కొట్టి పంపేది. గురెళ్లు వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి దంచితే బొగ్గులా నల్లగానే ఉంటుంది. అక్క ఏళ్ల తరబడి రొట్టెలోకి నంచుకుని లొట్టలేసిన పొడి. ఆ ఏడాది మాత్రం డబ్బా మూత తీసి వెలుతురుకు పట్టుకుని చూసింది.

"మ్మే రాజేశ్వరీ, నిజం సెప్పు. ఇది నీకు ఎవురిచ్చినారు?"

"మా అమ్మ ఇచ్చింది. ఎప్పుడూ తింటాండేదే కదక్కా."

"ఎప్పుడూ ఇంత నల్లగా లేదే."

అంతకు కొన్నాళ్ల ముందు మా ఆయన ఎమ్మిగనూరులో వేరే కొట్టు పెట్టుకుందామా అని అన్నను అడిగి ఉన్నాడు. అన్న కసిరితే ఊరుకున్నాడు. ఆ మాటా ఈ పొడీ అక్క తలలో కలిసిపోయాయి. అన్నను లొంగదీసుకుని వాటా పంచుకుపోవడానికి తమ్ముడి పెళ్లాం మందు పెట్టింది. అంతే, తీర్పు అయిపోయింది. ఆ మర్నాటి నుంచే మొదటి ముద్ద చట్టం.

మా ఆయన ఏమన్నాడని అడుగుతారేమో. ఆయన చాలా మంచివాడు. అన్న ముందు తల వంచుకుంటాడు, వదిన ముందు తల వంచుకుంటాడు, తల ఎత్తేది నా ముందు ఒక్కటే. "ఒక ముద్దే కదా, తినేయ్. నీ తప్పు లేనప్పుడు నీకేం బయ్యం?" అన్నాడు. నాకు భయం లేదు, సిగ్గుగా ఉంది. నేను వండిన అన్నాన్ని, కుక్కకు వేసి చూసినట్టు, నేనే తినాలి, పెద్దమనిషి దాన్ని చూస్తూ కూర్చోవాలి. ఆ ముద్ద గొంతు దిగేటప్పుడు ఆ ఇంట్లో ఒక్కొక్కరి మీదా నాకు కోపం పేరుకుంటూ వచ్చింది. అందరి మీదా అనుమానం కూడా. అక్కే ఏదైనా కలుపుతోందేమో, నా మీద తోసేయడానికి. మా ఆయనకు అంతా తెలుసేమో. నేను లేనప్పుడు నా డబ్బాలు వెతుకుతున్నారని గుర్తుకోసం మూతల కింద దారప్పోగులు పెట్టేదాన్ని. అవి నిజంగానే కిందపడి ఉండేవి.

ముద్ద తిని నేను బతికే ఉండటంతో అక్కకు సంగతి తేలలేదు. మందు పెట్టినవాళ్లకు విరుగుడు కూడా తెలిసుంటుందని ఎవరో చెప్పారు. ఇక కక్కించడమే దారి అని నిర్ణయించింది. హాలహర్వి దాటాక ఒక చిన్న ఊళ్లో తిక్కయ్య అని ఉన్నాడు, పసరు తాగించి కడుపులో మందు కక్కిస్తాడు. బయటపడ్డ మందును కళ్లారా చూపిస్తాడు. బావ మొదట ఒప్పుకోలేదు. కానీ అప్పటికి ఆయనకే నమ్మకం పట్టుకుంది. తన నోట్లో ఆ చేదేమిటో ఆయనకూ అంతుబట్టలేదు.

బళ్లారి బస్సెక్కి వెళ్లాం. అక్క, బావ, మా ఆయన, నేను. నన్నెందుకంటే, పెట్టినవాళ్లు ఎదురుగా ఉంటే మందు తొందరగా బయటికి వస్తుందట.

తిక్కయ్య సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. నేను మోసగాడి ముఖం కోసం వెతికాను గానీ దొరకలేదు. బావను వేపచెట్టు నీడలో పీట మీద కూర్చోబెట్టి, ముందు బూడిద పోసిన బేసిన్ పెట్టి, ఆకుపచ్చటి పసరు చెంబెడు తాగించాడు. "ఎవురి మీద అనుమానం?" అన్నాడు. అక్క నా వైపు చూసింది. ఆయనా చూశాడు. బావ కడుపు తిప్పుతోందన్నాడు గానీ కక్కుకోలేదు. తిక్కయ్య రెండు వేళ్లు బావ నోట్లోకి దోపి నాలుక నొక్కాడు.

బావ కెవ్వుమన్నాడు. అది వాంతి చేసుకునే మనిషి అరుపు కాదు, నొప్పి. ఆ వెంటనే భళ్లున అంతా వచ్చింది. ఆయన తువ్వాలుతో మూతి అదిమి పట్టుకుని ముందుకు వంగిపోయాడు. తువ్వాలుకు నెత్తురంటింది. "మందు కోసుకోని వస్తాండాది, బయపడద్దండి" అన్నాడు తిక్కయ్య.

పుల్లతో బూడిద కలియబెట్టి ముందు ఒక నల్లటి వెంట్రుకల ఉండ తీసి చూపించాడు. అది ఆయన వేళ్ల సందులోంచే పడిందని నాకు గట్టి అనుమానం. కానీ పుల్లకు ఇంకేదో తగిలి ఖంగుమంది. తిక్కయ్య ఆగాడు. రెండు వేళ్లతో తీసి నీళ్లలో కడిగాడు. ఆయన ముఖంలో రంగు మారింది.

గోరంత రేకు. పల్చగా, తెల్లగా మెరుస్తోంది. దానికి చిల్లులున్నాయి. ఒక అంచున పైకి లేచిన చిన్న మొలక.

"నా జలమలో ఇట్లాంటిది సూడల్యా" అన్నాడు తిక్కయ్య. అది మాత్రం నిజమే అనిపించింది. ఆయన నిజంగా భయపడ్డాడు.

అక్క నేల మీద చతికిలబడి ఏడ్చింది. మా ఆయన నా వైపు చూశాడు. నన్ను ఎన్నడూ చూడని మనిషి చూసినట్టు చూశాడు. ఒక రేకు ఒక మనిషి కడుపులోంచి బయటపడితే ఎదురుగా నిలబడ్డ ఆడది ఏం చెబుతుంది? ఒక్క క్షణం నాకే అనిపించింది, నాకు తెలియకుండా నేనేమైనా చేశానా అని.

తిరుగు బస్సెక్కాం. బస్సెక్కితే కిటికీ పక్క కూర్చుని దారిపొడవునా చేలకు దిగుబడి కట్టే బావ, తువ్వాలు మూతికి చుట్టుకుని ముందు సీటు వెనకవైపు చూస్తూ కూర్చున్నాడు. మందు దిగిపోయిన మనిషి తేలిగ్గా ఉండాలి. ఈయన తప్పు చేసినవాడిలా ఉన్నాడు. అది నా మనసులో ముల్లులా గుచ్చుకుంది గానీ అప్పటికి దాని అర్థం తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే మా నాన్నను ఎమ్మిగనూరు నుంచి పిలిపించారు. వచ్చి నడవాలో చాప మీద తల వంచుకుని కూర్చున్నాడు. నా పెట్టె అక్కే సర్ది వాకిట్లో పెట్టించింది. మా ఆయన పెట్టె పక్కన నిలబడి, "కొన్నాళ్లు ఆడుండు. అన్నీ సర్దుకున్నాక వస్తా" అన్నాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు. తిక్కయ్య చూపిన రేకు కంటే ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. ఆ ఇంటి గడప దాటితే మళ్లీ ఎక్కడం ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు. మందు పెట్టినదన్న పేరు మోసుకుని ఎమ్మిగనూరులో మా అమ్మ ఏ గడపకు వెళ్లగలదు?

అంతలో యూసుఫ్ సాబ్ వచ్చాడు. శెట్టికి ఒంట్లో బాగాలేదని విని, కోపం పక్కన పెట్టి చూసిపోదామని వచ్చాడు. చేతిలో కాయల సంచి ఉంది. కోపం పూర్తిగా పోలేదని దాన్నిబట్టి తెలిసింది. అక్క ఆయనకు జరిగినదంతా చెప్పి, కుంకుమ గుడ్డలో చుట్టిన రేకు విప్పి చూపించింది.

"నన్నూ ఒకసారి చూడనీ" అన్నాను.

అక్క ఇవ్వడానికి ఇష్టపడలేదు. మా నాన్న తలెత్తి, "సూడనీయమ్మా. పోయేదే కదా" అన్నాడు. చేతిలోకి తీసుకున్నాను. కాయల బస్తాలో, మిల్లులో, ఆదోని బజారులో ఎక్కడా చూడని వస్తువు. అంత నున్నగా చేయడం మందులు పెట్టేవాళ్ల వల్ల అయ్యే పని కాదు. చిల్లుల్లో ఏదో ఎండి అంటుకుని ఉంది. దగ్గరగా పట్టుకున్నాను. ముక్కుకు తగిలింది.

చచ్చిన ఎలుక గోడలో ఇరుక్కున్న వాసన.

రోజూ ఆయన పళ్లెం దగ్గర వంగినప్పుడు, లవంగాల వెనక వచ్చిన వాసనే. నేను మహా తెలివిగా సారాయి అనుకున్న వాసన. అంటే ఇది కడుపులోది కాదు. ఇన్నాళ్లూ ఆయన నోట్లోనే ఉంది. నోట్లో ఎక్కడ? తిక్కయ్య వేళ్లు తగిలినప్పటి ఆ కేక గుర్తొచ్చింది. అప్పటినుంచి మూతి మీంచి దించని తువ్వాలు గుర్తొచ్చింది. ముందటి రాత్రి గంజి గదిలోకి తెప్పించుకోవడం గుర్తొచ్చింది. బావ వైపు చూశాను. ఆయన నా చేతిలో రేకును చూస్తున్నాడు. అదేమిటని వింతగా చూసే చూపు కాదు అది. తన వస్తువు పరాయి చేతిలో పడితే చూసే చూపు.

ఆయనకు తెలుసు. అది అర్థమయ్యేసరికి నాలో భయం పోయి కోపమొచ్చింది. ఆ కోపాన్ని ఇప్పుడు తలుచుకున్నా నా చెంపలు వేడెక్కుతాయి.

కానీ మందు పెట్టినదాని మాట ఎవరు నమ్ముతారు? ఇది ఆయన నోట్లోదే అంటే తప్పించుకోవడానికి ఎంతకైనా తెగించిందంటారు. యూసుఫ్ సాబ్ సంచి వైపు చూశాను. జీవితంలో మొదటిసారి బావతో నేరుగా మాట్లాడాను.

"బావా, మందు బయటికొచ్చేసింది కదా. ఇంగ నోరు చేదుండకూడదు. యూసుఫ్ సాబ్ కాయ ఒకటి కొరికి సెప్పండి. తియ్యగుంటే నేనే మందు పెట్టినట్ల. నా పెట్టె నేనే మోసుకోని పోతా."

అందరూ బిత్తరపోయారు. నేను ఆయనతో మాట్లాడినందుకు సగం, అన్న మాటకు సగం. మొదట తేరుకున్నది అక్కే. నా నేరం నా నోటితోనే రుజువవుతుందంటే ఆమెకు అంతకంటే ఏం కావాలి. సంచిలోంచి కాయ తీసి తనే ఆయన చేతిలో పెట్టింది. "కొరకండి. ఈమె సంగతి తేలిపోతాది."

"నోరు బాగల్యా" అన్నాడు బావ తువ్వాలు వెనక నుంచి. మాటలో గాలి పోయింది.

"ఒక గింజే కదా శెట్టీ" అన్నాడు యూసుఫ్ సాబ్. "నా కాయ పరువు కూడా దీంట్లోనే ఉండాది."

బావ కాయ తీసుకున్నాడు. చెయ్యి తనంతట తనే చెవి దగ్గరికి పోయి కాయను ఆడించింది. బొటనవేలు దాన్ని ఒలిచింది. గింజ మూతి దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. తువ్వాలు దించాలి. దించకుండా, అంచు కింది నుంచి గింజను దవడ పక్కకు తోసుకోబోయాడు.

"అట్ల ఏంటికి శెట్టీ?" అన్నాడు యూసుఫ్ సాబ్. "ఎప్పుడూ ముందర పంటితో కదా కొరికేది."

బావ కళ్లు వాకిట్లో నా పెట్టె మీదికి పోయాయి. అక్కడి నుంచి మా నాన్న మీదికి. తర్వాత నా మీదికి. నేను చూపు తిప్పుకోలేదు.

ఆయన తువ్వాలు దించాడు. పైవరసలో సరిగ్గా మధ్యన ఖాళీ. చిగురు ఉబ్బి, నల్లబడి, అంచున చీము. తువ్వాలు కొస ముడి విప్పాడు. ముడిలో ఒక పన్ను ఉంది. దాని అడుగున చిన్న గుంట ఉంది. రేకు మీది మొలక అందులో కూర్చుంటుందని చూసినవాళ్లకెవరికైనా తెలుస్తుంది.

"ఆ రేకు నాదే" అన్నాడు. "ఆయమ్మ ఏం సేయల్యా."

నిజం ఒప్పుకున్నాడని యూసుఫ్ సాబ్ ఆయన భుజం తట్టాడు. మా నాన్న చేతులు జోడించాడు. పెద్దమనిషన్నారు. నాకు అలా అనిపించలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆ నిజం ఆయన తువ్వాలు కొసన ముడేసి ఉంది. బస్సులో ఉంది, నా పెట్టె సర్దుతున్నప్పుడు ఉంది, మా నాన్న తల వంచుకుని కూర్చున్నప్పుడూ ఉంది. నేను గింజ కొరకమనకపోతే ఆ ముడి విప్పేవాడా? అప్పుడూ అడగలేదు. ఇప్పటికీ నాకు నమ్మకం లేదు.

తర్వాత మెల్లగా సంగతంతా చెప్పాడు. బెంగుళూరు లాడ్జి మెట్ల మీద జారి పడితే ముందు పన్ను ఊడిపోయింది. పన్ను లేని ముఖంతో యార్డులో అడుగుపెట్టడం ఆయన ఊహించుకోలేకపోయాడు. తీసి పెట్టుకునే పన్ను కాయ కొరికితే నిలవదు. విదేశంలో చదివొచ్చిన డాక్టరొకాయన దవడ ఎముకలోకే రేకు దించి దాని మీద పన్ను కూర్చోబెడతాడని విని, అక్కడే ఉండిపోయి పెట్టించుకున్నాడు. ఇంటికి వచ్చాక ఎవరూ కనిపెట్టలేదు. ఆ సంబరం ఆయన్ను ముంచింది.

ఆ డాక్టరు చెప్పే పంపించాడట. గట్టివి దాంతో కొరకొద్దు. చిగురు అంచున మెత్తటి బ్రష్షుతో రోజూ తోమాలి, పంటి పక్కలంతా దారం పోనిచ్చి శుభ్రం చేసుకోవాలి. పొగాకు జోలికి పోవద్దు. కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. నెత్తురు కనబడితే మాత్రం ఆగకుండా రావాలి. ఇందులో ఆయన చేయగలిగింది ఒక్కటీ లేదు. కొరకడమే ఆయన పని. పెరట్లో అందరి మధ్యా పళ్లలో దారం తిప్పుతూ కూర్చుంటే ఎందుకని అడుగుతారు. బెంగుళూరు ప్రయాణానికి అక్క అడ్డం కూర్చుంది. వాసన మొదలయ్యాక దాన్ని చంపడానికి వక్కా పొగాకూ కూడా పట్టాడు. నొప్పి పెద్దగా లేదు కాబట్టి పంటికేమీ కాలేదనుకున్నాడు. కదలకుండా గట్టిగా ఉన్న పన్ను నోటినంతా చేదు చేస్తుందని ఆయన ఊహకే రాలేదు.

అక్క కాసేపు ఆ పన్ను వైపే చూసింది. "ఇంతా చేసి పంటి కోసమా బెంగుళూరు పోయింది?" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియదు. తర్వాత నా పెట్టె తనే లోపల పెట్టించింది. నాతో మాత్రం ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే ఆదోనిలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అద్దం పెట్టి చూసి, చీము కడిగి, కుళ్లినదంతా తీసి, మందులు రాసిచ్చాడు. లోపల ఎముక చాలా కరిగిపోయిందన్నాడు. "ఎముకలో పెట్టిన పంటికి నొప్పి చివర్లో వస్తుంది. ముందు వచ్చేది నెత్తురు, తర్వాత చేదు, వాసన, తర్వాత కదలడం. నెత్తురు పడిన రోజే వచ్చి ఉంటే నిలిచేదేమో" అన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి ఈ మాటలు చెబుతుంటే నేను పెరట్లో ఎర్రటి మరకల గురించి ఆలోచించాను. ఆ మరకలు ఇంట్లో అందరం చూశాం. చూసి, ఎవరికి కావాల్సిన అనుమానం వాళ్లు పెంచుకున్నాం.

చిగురు మానింది. చేదు పోయింది. బావ యూసుఫ్ సాబ్ ఇంటికి నందవరం వెళ్లి క్షమించమని అడిగి, కాయ కొన్నాడు. పన్ను లేని ముఖంతోనే యార్డుకు వెళ్లాడు. కొన్నాళ్లు నవ్వుకున్నారు, తర్వాత మానేశారు. పక్క పళ్లతో కొరికినా ఆయన చెప్పిన ధర ధరే అయింది. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో దానివల్ల ఏమీ కాలేదు.

నాకు మాత్రం అక్క ద్వారా కబురు చేశాడు. "ఇంగ ఆ ముద్ద అక్కర్లేదని రాజేశ్వరితో సెప్పు."

అక్క చెప్పింది. నేను సరేనన్నాను. మధ్యాహ్నం పళ్లెం పెట్టి, అన్నం వడ్డించి, పప్పు పోసి, గురెళ్ల పొడి ఒక పక్కన వేసి, ఆయన చెయ్యి చాచేలోపు మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఆయన కళ్లముందే నిలబడి నమిలాను. అక్క గడప దగ్గర చెంబుతో నిలబడిపోయింది. వద్దనడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు లేదు.

మర్నాడూ అంతే. ఆ పై ఏడాదీ అంతే. వాళ్లు ఆ రోజును మరిచిపోవాలనుకుంటున్నారని నాకు తెలుసు. అందుకే మానలేదు.

మొన్న ఆయన తలెత్తి, మధ్యలో అక్క లేకుండా, నేరుగా నన్నే అడిగాడు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఇంకా ఎన్నాళ్లమ్మా ఇది?"

నేను ముద్ద మింగాను. అప్పట్లో ఆగమన్నంత సేపు ఆగాను.

"ఏమీ కలపల్యా బావా," అన్నాను. "తినండి."